ఘాటు మీదికి నెట్టిన ఏడుపు

ఆ రోజుల్లో మా గుంటూరు వైపు మగవాడికి ఏడవాలనిపిస్తే మిర్చి యార్డును మించిన చోటు ఉండేది కాదు. సీజనులో అక్కడ అందరికీ కళ్ళు కారుతూనే ఉంటాయి. వేలానికొచ్చిన షావుకారు, బస్తా మోసే ముఠా మనిషి, దారి తప్పి లోపలికొచ్చిన కుక్క, అందరిదీ ఒకటే ముఖం. ఆ గుంపులో నిజంగా ఏడ్చేవాడొకడుంటే ఎవరు కనిపెడతారు? కమీషన్ కొట్లో గుమాస్తాగా ఉన్న నేను ఆ ఏడాదంతా ఈ సదుపాయాన్ని తెగ వాడుకున్నాను. (సీజను అయిపోయాక ఎలా అని అడక్కండి. మిర్చి నిలవుంచే కోల్డ్ స్టోరేజీ ఉండనే ఉంది.)

సంగతేమిటంటే, మాకు పుట్టాల్సిన పాప నెలలు నిండకముందే కడుపులో పోయింది. ఆసుపత్రి నుంచి వచ్చాక మా ఆవిడా నేనూ ఆ మాటెత్తలేదు. ఆమె ఏడుస్తుంటే చూడలేక నేను చొక్కా తగిలించుకుని యార్డుకి పోయేవాణ్ణి. సెలవు రోజున కూడా పోయేవాణ్ణి. ఇంట్లో మాటలు "పెట్టనా", "పెట్టు" దాకా కుదించుకుపోయి, చివరికి గిన్నెల చప్పుడొక్కటే మిగిలింది. పొద్దున్నే లేవడం కూడా దండగనిపించేది నాకు. ఎందుకు లేవాలో, లేచి ఏం చెయ్యాలో నిజంగా తెలిసేది కాదు. అలాంటి ఒకరోజు ఆమె బట్టలు సర్దుకుని పొన్నూరులో పుట్టింటికి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగింది. "గుంటూరులో కౌన్సిలింగ్ చేసే మేడం ఉన్నారంట. ఇద్దరం వెళ్దాం. మీరక్కడికొస్తే నేను మళ్ళీ ఇంటికొచ్చే సంగతి ఆలోచిస్తా. లేదంటే ఇంక పిలవొద్దు" అంది. "మనకేమన్నా పిచ్చా?" అన్నాను. (నా తెలివితేటలకి ఇదొక మచ్చుతునక.) ఆమె వెళ్ళి బస్సెక్కింది.

నా భయమల్లా నలుగురికీ తెలిసి పరువు పోతుందని. అందుకే "ఎవరితోనూ అనకమ్మా" అని మా అమ్మని బతిమాలాను. "నాకేం పనిరా, నేనెందుకంటాను!" అంది. ఆ ఆదివారం చర్చిలో అయ్యగారు, అంటే మా పాస్టరు గారు, ప్రార్థన అంశాలు ఏమన్నా ఉంటే చెప్పమనడం ఆలస్యం, అమ్మ లేచి మైకు అందుకుంది. "మా అబ్బాయి కాపురం కూలిపోయేట్టుంది. కోడలు పొన్నూరెళ్ళి కూర్చుంది. వీడేమో దిగులుతో తిండి మానేశాడు. సంఘమంతా కన్నీటితో ప్రార్థన చెయ్యాలి." మా చర్చి మీది మైకు పత్తి చేల దాకా వినపడుతుంది. మర్నాడు పత్తి తీతకి పోయే ఆడవాళ్ళు నన్ను చూసి ఆగి మరీ, "దేవుడున్నాళ్ళే అబ్బాయ్, తిండి మానబాక" అన్నారు. ఇంటికొచ్చి దెబ్బలాడితే అమ్మ ఏమాత్రం తొణక్కుండా, "నేను మనుషులకి చెప్పలేదురా, దేవుడికి చెప్పాను" అంది. కౌన్సిలింగ్ సంగతి కూడా అమ్మ చెప్పేసినట్టుంది, ఆ సాయంత్రం అయ్యగారు నన్ను పక్కకి పిలిచి, "ప్రార్థన మేం చేస్తాంలే నాయనా. నువ్వు ఆ అమ్మాయి రమ్మన్న చోటికి వెళ్ళిరా" అన్నారు. దాచుకోవడానికి ఇంకేం మిగల్లేదు గనక సరేనన్నాను.

మేడం గది ఒక పళ్ళ డాక్టరు మేడ మీద ఉంది. నేను యార్డులో వేలం ముగిశాక ఉన్న బట్టలతోనే పరిగెత్తుకెళ్ళాను. మా ఆవిడ అప్పటికే సోఫా ఆ చివర కూర్చునుంది. నేను ఈ చివర కూర్చున్నాను. కిటికీలన్నీ మూసి ఏసీ వేశారు. మేడం "మీ ఇద్దరి మధ్య..." అని మొదలుపెట్టి తుమ్మింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ తుమ్మింది. నా చొక్కా నిండా, తల నిండా మిరపకాయల దుమ్ము. నా ముక్కు ఆ ఘాటుకి మొద్దుబారి చాలాకాలమైంది కాబట్టి నాకేం తెలియలేదు. పాపం, ఆవిడ కళ్ళు ఎర్రబడి నీళ్ళు ధారగా కారుతుంటే, మా గోడు విని కరిగిపోయిందేమో అనుకున్నాను. (మేమింకా గోడు చెప్పనేలేదు.) మంచినీళ్ళు అందించి, "ఊరుకోండి మేడం, మీకు మేమంతా లేమూ" అన్నాను. ఆవిడ ఒక చేత్తో కిటికీ తెరుస్తూ, రెండో చేత్తో తలుపు చూపిస్తూ, "వచ్చే వారం... స్నానం చేసి..." అనగలిగింది అంతే. మెట్లు దిగుతుంటే మా ఆవిడ నా ముఖం చూడకుండా, "ఆవిడతో అన్న ఆ 'ఊరుకోండి' మాట నాతో ఒక్కసారన్నా అన్నారా?" అంది. ఆమె బస్సు కదిలిపోయాక కూడా చాలాసేపు స్టాండులోనే నిలబడ్డాను. ఇంక ఇది బాగుపడేది కాదనిపించింది.

వారం తిరిగాక కుంకుడుకాయలతో తలంటుకుని, ఉతికిన చొక్కా వేసుకుని వెళ్ళాను. ఈసారి మేడం తుమ్మకుండా అడిగింది: "పాపకి పేరేమన్నా అనుకున్నారా?" మా ఆవిడ చప్పున నా వైపు చూసింది. నేనొక పేరు అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెబుదామని నోరు తెరిస్తే పేరు రాలేదు, కన్నీళ్ళు వచ్చాయి. అలవాటు కొద్దీ కళ్ళు తుడుచుకుంటూ, "ఏం లేదండీ, ఘాటు" అన్నాను. మా ఆవిడ సోఫా ఆ చివర నుంచి జరిగి దగ్గరికొచ్చి, నా చొక్కా చెయ్యి వాసన చూసింది. "ఇవాళ స్నానం చేసొచ్చారు కదండీ" అంది మెల్లగా. అప్పుడు ఏడ్చాను చూడండి, కింద పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నవాళ్ళు సగంమంది పన్ను పీకించుకోకుండానే వెళ్ళిపోయుంటారు.

ఆ రోజే ఇంటికి రాలేదు ఆమె. ఇంకా కొన్నిసార్లు ఆ మెట్లెక్కాక వచ్చింది. మాకు తర్వాత పిల్లలు కలగలేదు. దిగులు కూడా పూర్తిగా పోలేదు, పోతుందని ఆ మేడమూ చెప్పలేదు. ఇప్పటికీ నేను యార్డు నుంచి ఎర్రకళ్ళతో వస్తే గుమ్మంలో ఎదురొచ్చి "ఘాటేనా?" అంటుంది. చాలా రోజులు ఘాటే. ఎప్పుడన్నా "కాదు" అంటే స్నానానికి తొందరపెట్టదు, అలాగే పక్కన కూర్చుంటుంది. అలాంటప్పుడు నేనే అయిన ఆనాటి కుర్రాడు గుర్తొస్తాడు. సెలవు రోజున, ఒక్క బస్తా కూడా లేని యార్డులో ఒంటరిగా కూర్చుని, వినే దిక్కు లేకపోయినా "అబ్బ, ఏం ఘాటురా బాబూ" అని పైకే అనుకుంటూ కళ్ళు తుడుచుకునేవాడు. నవ్వొస్తుంది. దగ్గరికెళ్ళి భుజం తట్టి, "ఒరేయ్, ఇవాళ మిరపకాయే రాలేదురా, ఇంటికెళ్ళు" అని చెప్పాలనిపిస్తుంది.