కంప్యూటర్ గారు ఒప్పుకోలేదండీ

వరదానం గారికి లోకంలో ఒక్కరంటేనే భయమూ భక్తీ. ఆ ఒక్కరూ ఆయన బల్ల మీదే కొలువుండేవారు. వారు కంప్యూటర్ గారు.

నేను తమాషాకి ‘గారు’ తగిలించడం లేదు. ఏలూరులో ఓ ట్రస్టు కంటి ఆసుపత్రిలో రికార్డుల సెక్షన్‌కి పెద్ద ఆయన. కంప్యూటర్ అన్న మాట ఆయన నోట ఏనాడూ ఒంటరిగా రాలేదు. పొద్దున్నే స్విచ్ వేసి, తెర వెలిగేదాకా చేతులు కట్టుకుని నిలబడేవారు. వెలిగాక, “లేచారండీ, ఇక రావచ్చు” అని వరండాలో జనానికి చెప్పేవారు. అప్‌డేట్ పడి తెర మీద చక్రం తిరుగుతుంటే గొంతు బాగా తగ్గించి, “స్నానానికి వెళ్ళారండీ, కాస్త కూర్చోండి” అనేవారు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకుంటే వీధి చివరిదాకా వినపడే గొంతు అది. సీపీయూ కింద ఏలూరు తివాచీ ముక్క ఒకటి పరిచి ఉండేది. ఎందుకండీ అని అడిగితే, “గచ్చు చల్లగా ఉంటుంది కదండీ” అన్నారు.

ఒకసారి గణపవరం నుంచి చేపల చెరువుల ఆసామి ఒకాయన వచ్చాడు. వాళ్ళ మావయ్యకి ఆపరేషన్ అందరికన్నా ముందు జరగాలట.

“నాదేం ఉందండీ, ఇప్పుడే రాసేస్తాను. కంప్యూటర్ గారే ఒప్పుకోవడం లేదు” అన్నారు వరదానం గారు.

“ఎందుకొప్పుకోదు? నేనెవరో చెప్పారా?”

“చెప్పానండీ. మీ పేరు వినగానే లేచి నిలబడ్డారు కూడాను. కానీ వరస మాత్రం తప్పనంటున్నారు.”

ఎవరి మీద కోప్పడాలో ఆసామికి పాలుపోలేదు. తెర వంక ఉరిమి చూసి, వెళ్ళి వరసలో కూర్చున్నాడు.

వరదానం గారి భార్య యేసమ్మ గారు ఓ రోజు క్యారేజీ తెచ్చి నా దగ్గర వాపోయారు. “నిన్న నేను కూర మాడ్చేశానమ్మా. ఒక్క మాటంటే ఒట్టు. పొయ్యి గారికి కోపం వచ్చినట్టుందండీ అని ఆ మసి అంతా తినేశారు. ఈయనతో ఒక్క పోట్లాటన్నా సరిగ్గా కుదరదు కదా!”

నాది తాడేపల్లిగూడెం. అక్కడ ఓ చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో పని. ఆ ఆసుపత్రి వాళ్ళు ఏళ్ళ తరబడి స్ప్రెడ్‌షీట్లలో దాచుకున్న రోగుల వివరాలన్నీ కొత్త డేటాబేస్‌లోకి ఎక్కించడానికి మా వాళ్ళు నన్ను పంపారు. రోజూ రైల్లో ఏలూరు వెళ్ళి వచ్చేదాన్ని. మొదటి రోజే వరదానం గారికి రిలేషనల్ డేటాబేస్ అంటే ఏమిటో వివరించబోయాను.

“రిలేషన్ అంటే చుట్టరికమే కదండీ భావన గారూ?” అన్నారు.

“ఒక రకంగా అంతేనండీ.”

“తెలిసిందండీ. ఇన్నాళ్ళూ మనుషులూ, ఊళ్ళూ, కళ్ళూ, లెన్సులూ అందరూ ఒకే గదిలో కిక్కిరిసి పడుకున్నారు. మీరిప్పుడు తలా ఒక గది ఇస్తున్నారు. ఎవరు ఎవరి తాలూకో నంబరు చూసి చెప్పుకుంటారు. అంతేనా?”

అంతే. వివరించడానికి గీసుకొచ్చిన బొమ్మ మడిచి పెట్టేసి టీ తాగాను.

ఎక్కించడం మొదలుపెట్టాక తెలిసింది అసలు బాధ. వయసు అన్నచోట అంకె ఉండాలి కదా, అక్కడ “డెబ్బై దాటి ఉండొచ్చు” అని ఉండేది. ఫోన్ నంబరు ఉండాల్సిన చోట “పక్కింటి వాళ్ళది”. ఏ కన్ను అన్నచోట ఒకాయనకి “ఎడమ, డాక్టరు గారి వైపు నుంచి చూస్తే కుడి”. డేటాబేస్ వీటన్నిటినీ నిర్మొహమాటంగా వెనక్కి తిప్పికొట్టేది. తెర మీద ఎర్ర అక్షరాలు కనపడగానే వరదానం గారు లేచి నిలబడి, “క్షమించాలి బాబూ, దిద్దుకొస్తాం” అనేవారు. ఆయా రోగులకి ఫోన్ చేసి, “మా కంప్యూటర్ గారు మీ వయసు అడుగుతున్నారండీ” అనేవారు. అవతలివాళ్ళు ఎవరో పెద్ద ఆఫీసరే అనుకుని, నిజం వయసు చెప్పేసేవారు.

కొల్లేటి చుట్టుపక్కల కంటి శిబిరాల్లో శుక్లాల ఆపరేషన్‌కి ఎంపికైనవాళ్ళ షీట్లు ఊరికొకటి చొప్పున విడివిడిగా వచ్చేవి. వాటన్నిటినీ ఒకే షీటులోకి చేర్చే పని తేజశ్రీది. ఉంగుటూరు అమ్మాయి, కొత్తగా చేరింది. ఆ అమ్మాయి జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఏదైనా వరసగా సర్దందే ఊరుకోని పిల్ల. ఆ షీటు మాత్రం మొదటిసారికే ఎక్కేసింది. ఒక్క ఎర్ర అక్షరం లేదు! వరదానం గారు తెరకి దణ్ణం పెట్టారు. నేను కజ్జికాయలు పంచాను.

ఆపరేషన్ల రోజు పొద్దున్నే కొల్లేటి ఊళ్ళ నుంచి వ్యాను వచ్చింది. ఆపరేషన్ చేసే కంటికి పైన, నుదుటి మీద సిస్టర్ పెన్నుతో గుర్తు పెడుతుంది. కొత్త డేటాబేస్ ఇచ్చిన జాబితా చూస్తూ ఆమె అచ్చాయమ్మ గారనే ఓ పెద్దావిడ దగ్గరికి వచ్చింది.

“ఏవండీ సిస్టరమ్మ గారూ, కుడివైపు గీస్తారేంటండీ?”

“మీకు కుడి కన్నేనండీ. లిస్టులో అలాగే ఉంది.”

“అది పోయినేడు మీరే చేశారు కదండీ! దాంతోనే కదా, మీ చేతిలో పెన్ను చూస్తున్నాను!”

సిస్టర్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. పక్క మంచం మీది పెద్దాయనది కొల్లేటి లంక. జాబితాలో ఆయన ఊరు ఉంగుటూరు. ఆ పక్కావిడ లెన్స్ పవర్ ఇంకెవరిదో. పెద్ద డాక్టర్ రఘురామ్ గారు పరుగున వచ్చారు. “ఆపండి. ఎవరి కంట్లోనూ ఒక్క చుక్క మందు వెయ్యొద్దు” అన్నారు.

డేటాబేస్ తెరిచి చూశాను. షీటులో ఉన్నది ఉన్నట్టే ఎక్కింది. తప్పు షీటులోనే ఉంది. పేర్లన్నీ అకారాది క్రమంలో చక్కగా ఉన్నాయి. కానీ పక్కనున్న ఊరు, కన్ను, లెన్స్ గడులు ఉన్నచోటే ఉండిపోయాయి. పేర్లు మాత్రమే కదిలి, ఒకరి పేరు పక్కన మరొకరి కన్ను వచ్చి చేరింది. డేటాబేస్‌కి ఏం తెలుస్తుంది? కన్ను ఉండాల్సిన చోట కన్నే ఉంది, అంకె ఉండాల్సిన చోట అంకే ఉంది.

“ఎవరు చేశారిది?” డాక్టరు గారు కేకేశారు. “ఎవరైనా సరే, సాయంత్రానికి ఇంటికెళ్ళిపోవాలి.”

తేజశ్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

“కంప్యూటర్ గారండీ” అన్నారు వరదానం గారు.

“ఏంటి?”

“షీటు మొత్తం తప్పండీ. ఇందులో ఒక్క గీతని కూడా నమ్మకండి. పేర్లు మాత్రం కంప్యూటర్ గారే కదిపారండీ. వారికి అక్షరక్రమం అంటే ప్రాణం.”

డాక్టరు గారు నా వైపు తిరిగారు. “భావనా, కంప్యూటర్ తనంతట తను అలా చేస్తుందా?”

ఒక్క క్షణం తేజశ్రీని చూశాను. “కదిపేముందు, పేర్లొక్కటేనా అని ఆ ప్రోగ్రామ్ ఇంకాస్త గట్టిగా అడిగి ఉండాల్సింది సార్” అన్నాను. అది అబద్ధం కాదు. ఆయన నన్నూ, వరదానం గారినీ కాసేపు చూసి, “ముందు సరిచెయ్యండి” అని వెళ్ళిపోయారు.

శిబిరాల నుంచి వచ్చిన అసలు షీట్లు మెయిల్‌లో భద్రంగా ఉన్నాయి. ముగ్గురం కూర్చున్నాం. ఈసారి పేరు ఒంటరిగా ఎక్కడికీ కదలకుండా, ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, ఊరు వారీగా మళ్ళీ ఎక్కించాను. వ్యానులో వచ్చినవాళ్ళకి ఉప్మా పెట్టించి, వరదానం గారు ఒక్కొక్కరి ముందూ కూర్చుని, “మీరు ఫలానా ఊరే కదండీ? ఎడమ కన్నే కదండీ?” అని అడిగారు. ఆనక డాక్టరు గారు అందరి కళ్ళూ మళ్ళీ పరీక్ష చేశారు. అన్నీ సరిపోయాయి. ఆఖరి మనిషిది కూడా సరిపోయిందని సిస్టర్ వచ్చి చెప్పేసరికి నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. అచ్చాయమ్మ గారు నా చేతిలో ఓ ఉప్మా పొట్లం పెట్టి, “తినండమ్మా, మీరే రోగిలా ఉన్నారు” అన్నారు.

మధ్యాహ్నం వరదానం గారిని పక్కకి పిలిచి, “అది కంప్యూటర్ చేసింది కాదని మీకు తెలుసు కదండీ?” అన్నాను.

“గట్టిగా అనకండి, వింటారు” అని అటూ ఇటూ చూశారు. “పిల్ల మొహం చూశారా అండీ? ఆ టయానికి అడిగితే నిజం రాదు, ఏడుపొస్తుంది. కాస్త స్థిమితపడితే తనే వెళ్ళి చెప్పుకుంటుంది లెండి. ఈలోగా ఎవరో ఒకరు మొయ్యాలి కదండీ. వారికైతే పెళ్ళాం పిల్లలు లేరు.”

ఆయనన్నట్టే మర్నాడు పొద్దున్నే తేజశ్రీ నన్ను తోడు తీసుకుని డాక్టరు గారి గదికి వెళ్ళింది. “నేనే సార్. పేర్లు వరసగా ఉంటే వెతకడం తేలికని…” అంటూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

“నిన్ననే తెలిసిందమ్మా. కూర్చో” అన్నారాయన. “ఇక మీద ఏది కదిపినా ఇంకొకరికి చూపించకుండా పంపకు. వెళ్ళి పని చూసుకో.”

“ఇంటికి పంపేస్తానన్నారు కదా సార్?”

“కంప్యూటర్‌ని ఏ ఇంటికి పంపనమ్మా?” అని నవ్వారు. “నేను కొత్తగా చేరినప్పుడు ఒక శిబిరం సంగతి మరిచిపోయి స్నేహితుడి పెళ్ళికి పోయాను. పాపం జనమంతా పొద్దున్నుంచీ నా కోసం కూర్చున్నారు. అప్పటి పెద్ద డాక్టరు గారు పిలిచి నిలదీస్తే నాకు నోరు పెగల్లేదు. వరదానం గారు అడ్డొచ్చి, తారీకు కంప్యూటర్ గారు తప్పు చూపించారండీ అన్నారు.”

“ఆయన నమ్మారా సార్?”

“ఎలా నమ్ముతారు? అప్పటికి ఈ ఆసుపత్రిలో కంప్యూటరే లేదు.”

తేజశ్రీ కళ్ళు తుడుచుకోవడం మానేసి నోరు తెరిచింది. “మరి ఏమన్నారు సార్?”

“చాలాసేపు నా మొహం చూశారు, ఆయన మొహం చూశారు. ఆ తర్వాత, ‘అలాగా వరదానం గారూ, అయితే వారిని కొన్నాక మందలిద్దాం లెండి’ అన్నారు.”