నరసింహులు మా ఆయన గడియారంలో ఊర్లు గోకేశాడు

సంధ్యాదీపం పెట్టి దణ్ణం పెట్టుకున్నా ఈ రోజు నా కోపం చల్లారలేదు.

మా ఆయనకు పాత చేతిగడియారాలు సేకరించే పిచ్చి. ఊరు విడిచి వెళ్తూ ఒక తెల్లదొర అమ్మిన గడియారమంటే మరీ ప్రాణం. దాని ముళ్ళ చుట్టూ లండన్, కైరో, టోక్యో అని ఊర్ల పేర్లుంటాయి. ఏ దేశంలో ఎంత పొద్దయిందో చూడగానే తెలుస్తుంది. పక్షవాతంతో మంచాన పడ్డప్పటి నుంచి ఆయన లోకమంతా తిరిగేది దానిమీదే.

అది ఆగిపోతే కడపలో వాచీలు బాగుచేసే నరసింహులుకు ఇచ్చాను. ఈ రోజు వెళ్తే గడియారం నడుస్తోంది కానీ ఆ ఊర్లు లేవు! కాశి, తిరుపతి, శ్రీశైలం, అహోబిలం అని తెలుగులో రాసి ఉన్నాయి.

"యాడో దొరల ఊర్లు మీకెందుకమ్మా? పూజలు శానా చేస్తారని, అవి గోకేసి మన క్షేత్రాలు రాయించినా" అన్నాడు.

"ఏమప్పా, కాశీలో ఒక గంట, తిరుపతిలో ఒక గంట ఉంటాదా?"

"అదే కదమ్మా బాగు! యాడ చూసినా మన గంటే. ఇంగ లెక్కెయ్యాల్సిన పనే లేదు!"

ఎవరినీ గట్టిగా ఒక మాట అనని నేను, "బుద్ధి ఉండాదా నీకు?" అని బజారులో అరిచాను. అతను బెదిరిపోయి, "మళ్ళీ గోకేస్తాలేమ్మా" అన్నాడు. గడియారం లాక్కుని కొంగున ముడేసుకున్నాను. ఏడుకొండలవాడి ఊరు గోకెయ్యమని ఏ నోటితో చెప్పేది?

గడియారం ఇంకా నా కొంగుముడిలోనే ఉంది. ఆయనకు చూపించాలో, దాచాలో మీరే చెప్పండి.