సహస్ర కూర్చున్న ఇరవై నిమిషాలు

2022లో మా సెంటర్ ఎల్బీనగర్‌లో ఒక మందుల షాపు పైన, రెండు గదుల్లో ఉండేది. నేను ప్లే థెరపిస్టుని. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలకు, అంటే ధ్యాస నిలవక, ఒంట్లో కుదురు లేక అల్లాడే పిల్లలకు, ఆటతోనే నెమ్మది అలవాటు చేయడం నా పని. "ఆడించడం కూడా ఓ ఉద్యోగమా?" అని నవ్వేవాళ్లకు జవాబివ్వడం ఎప్పుడో మానేశాను.

ఆ ఏడాది మన్సూరాబాద్ నుంచి ఏడేళ్ల సహస్రను తీసుకొచ్చారు. అప్పటికే రెండు స్కూళ్లు పిల్లను వద్దన్నాయి. తండ్రి యాదగిరిది పోచంపల్లి వైపు. దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం.

"మా నాయన మగ్గం గుంతల కూసుంటే పొద్దుగూకే దాక లేవకపోతుండె మేడం. గీ పోరి ఒక్క తాన కూసోదు. కూసునేటట్టు చెయ్యుండ్రి, సాలు," అన్నాడాయన.

తల్లి లావణ్య మాత్రం, "అందరు తిడ్తనే ఉంటరు మేడం. గిది నవ్వక ఎన్ని దినాలాయెనో," అంది. ఇద్దరూ అడిగినవి వేర్వేరని నాకప్పుడే తట్టి ఉండాల్సింది.

మొదటి నెలంతా సహస్ర బొమ్మలు విసిరింది, నా చెయ్యి కొరికింది. ఒకరోజు మూలనున్న పాత చున్నీలన్నీ లాగి పరిచి, "రాండ్రి అక్కా, డబుల్ ఇక్కత్, రంగు పోదు," అంటూ దుకాణం పెట్టింది. నేను బేరమాడితే, "గా ధరకు రాదు, పోండ్రి," అని వెళ్లగొట్టింది కూడా! ఇద్దరం పడీపడీ నవ్వాం. ఓపిగ్గా మడతపెట్టడం, ఎదుటివాళ్లు చెప్పేదాకా ఆగడం, అన్నీ ఆ ఆటలోనే వచ్చాయి.

మా పనిలో ప్రతిసారీ ఒక షీటు రాస్తాం. అందులో 'సిట్టింగ్ టైమ్' అని ఒక గడి ఉంటుంది, పిల్ల ఒకచోట కూర్చున్న నిమిషాలు. తల్లిదండ్రులు ముందు చూసేది దాన్నే. మూడో నెలలో నేను గర్వంగా 'ఇరవై' అని వేసి కింద గీత కూడా గీశాను. ఆ ఇరవై నిమిషాలూ పిల్ల చీరలమ్మిందని రాయలేదు. ఎవరు చదువుతారులే అనుకున్నాను.

యాదగిరి ఆ షీటు పట్టుకుని నేరుగా కోచింగ్ సెంటర్‌కు వెళ్లి పిల్లను చేర్పించాడు. రెండో తరగతికి ఐఐటీ ఫౌండేషన్! రోజూ సాయంత్రం రెండు గంటలు.

"కూసుంటున్నదని మీరే రాసిండ్రు గద మేడం. ఇగ ఆటలెందుకు?" అన్నాడు ఫోన్లో.

"ఆడుతోంది కాబట్టి కూర్చుందండీ. ఇప్పుడు మాన్పించేస్తే పిల్ల పాడైపోతుంది," అన్నాను.

"మల్ల గట్ల రాసుడెందుకు?"

ఆ వారం నుంచే సహస్రను పంపడం మానేశాడు.

మూడు నెలల తర్వాత లావణ్య భర్తకు చెప్పకుండా పిల్లను ఆటోలో తీసుకొచ్చింది. సహస్రకు కనుబొమ్మలు లేవు. క్లాసులో కదలకుండా ఉండడానికి ఒక్కో వెంట్రుకా పీక్కుంటోందట. "సార్లేమో మస్తు మెచ్చుకుంటుండ్రు మేడం," అంటూ ఏడ్చింది లావణ్య.

చున్నీలన్నీ తెచ్చి పిల్ల ముందు పోశాను. వాటివైపు చూడనైనా లేదు. కుర్చీ ఎక్కి చేతులు కట్టుకుని, "ఎన్ని నిమిషాలు కూసోవాలె మేడం?" అని అడిగింది.

మళ్లీ వాళ్లు రాలేదు. ఫోన్ చేస్తే యాదగిరి ఎత్తలేదు. ఇప్పుడు నా షీటులో ఆ గడి లేదు. అది చూసి వేరే సెంటర్‌కు పోయేవాళ్లు పోతున్నారు, పోనీ. యాదగిరిని తిట్టుకుందామంటే నోరు రాదు. ఆయన అడిగింది కుదురు. ఆ ఇరవై నిమిషాలూ పిల్ల దగ్గర ఉన్నది సంతోషం. పెద్దవాళ్ల మెప్పు కోసం నేను చేతులారా ఒకదాని పేరు ఇంకోదానికి రాసి ఇచ్చాను.