ఎడంచేతి చదరాలు

గుండీలమ్మ అసలు పేరు వీధిలో ఎవరికీ గుర్తులేదు. బట్టల కార్ఖానాలో చొక్కాలకి గుండీలు కుడుతూనే తల నెరిసింది కాబట్టి ఆ పేరే ఖాయమైపోయింది. అక్కడ చెయ్యి చురుకే గానీ, ఇంట్లో మొదలుపెట్టిన బొంత ఒక్కటీ ముగిసేది కాదు. మంచం కింద ట్రంకుపెట్టె నిండా సగం సగం బొంతలే. పక్కింటి పసివాడికని మొదలుపెట్టినది పూర్తికాకుండానే వాడికి మీసాలొచ్చాయి.

ఆ పెట్టె అడుగున అత్తగారి మూట ఉంది. ఎర్రముక్క మధ్యన పెట్టి, చుట్టూ పాత చీరల, చొక్కాల పేలికలు తిప్పుకుంటూ కుట్టిన చదరాలు. ప్రతి చదరంలో ఒక మూల లేత రంగులు, ఎదుటి మూల ముదురు రంగులు. బొంతకి కావలసినవాటిలో సగమే అయ్యాయి. బతికినన్నాళ్ళూ కోడల్ని నోటితో దులిపేసిన ఆవిడ, పోయే ముందు ఆ మూట మాత్రం పిలిచి మరీ చేతిలో పెట్టింది. ఆ ఇంట్లో గుండీలమ్మకి అడగకుండా దొరికింది అదొక్కటే.

ఇన్నేళ్ళకి ఆడపడుచు కబురు పెట్టింది. "మా అమ్మ చేతిపని పెట్టెలో మగ్గిపోతోంది. నీవల్ల ఎలాగూ కాదు. ఆదివారం వచ్చి పట్టుకుపోతా."

గుండీలమ్మకి రోషం పొడుచుకొచ్చింది. రాత్రీ పగలూ కూర్చుని మిగతా చదరాలు తనే కుట్టింది. అత్తగారిదొకటి, తనదొకటి పక్కపక్కన అతికింది. అలా కలిపేస్తే ఏది ఎవరిదో కనిపెట్టడం ఎవరి తరమూ కాదని ధీమా. అడుగున పాత దుప్పటి వేసి బొంత ముగించింది.

ఆదివారం వచ్చిన ఆడపడుచు కూర్చోనైనా కూర్చోకుండా, ఒక చదరంలో పేలికల వెంబడి వేలు తిప్పింది.

"ఇది అమ్మది." పక్కదాని మీద వేలు పెట్టి, "ఇది నీది."

"ఎలా తెలిసింది వదినా?"

"అమ్మది ఎడంచేతి వాటం కదే! ఆవిడ పేలికలు ఎడమకి తిరుగుతాయి, నీవి కుడికి. అన్నేళ్ళు పక్కన కూర్చుని కుట్టావు, ఆ మాత్రం చూడలేదూ?"

"నేను ఆవిడ నోటికేసి చూసేదాన్ని గానీ, చేతికేసి ఎప్పుడు చూశాను?"

ఆడపడుచుకి నవ్వాగలేదు. అయినా పట్టు వదల్లేదు. "నవ్వించకు. అమ్మవి విప్పి ఇచ్చెయ్."

"నా చేత్తో విప్పను. కావాలంటే మీరే విప్పుకోండి" అని గుండీలమ్మ కత్తెర అందించింది.

ఆడపడుచు కత్తెర తీసుకుంది. మొన దారం కిందికి దూర్చబోయింది. దూరలేదు. ఇంకోచోట చూసింది. అక్కడా అంతే.

"ఇదేం కుట్టే, రాయిలా ఉంది?"

"ఎంత లాగినా గుండీ ఊడకూడదు కదండీ, కార్ఖానాలో అదే అలవాటు."

ఆడపడుచు కత్తెర పక్కన పడేసి కూర్చుంది. బొంత అంచు ఒళ్ళోకి లాక్కుంది.

"సరే, చలికాలం నీ దగ్గరుండనీ. ఎండాకాలం నేను తీసుకెళ్తా."

"ఎండల్లో బొంతతో మీకేం పని వదినా?"

"మడిచి పెట్టుకుంటా. నీకెందుకు?"

"సరే, ఎండలు ముదరగానే వచ్చి తీసుకెళ్ళండి" అంది గుండీలమ్మ. "మంచినీళ్ళు తాగుతారా?" అంటూ లేచింది.