వారాల పిల్లులు

మొన్న పొద్దున్నే కింది ఫ్లాటులో ఉండే అమ్మాయి వచ్చి తలుపు కొట్టింది. ఒంగోలులో మా అపార్టుమెంటు వెనక, జెనరేటరు గది పక్కన, దిక్కూ మొక్కూ లేని పిల్లులు ఓ మంద చేరాయి. వాటికి తిండి పెట్టడానికి ఈ పిల్లలంతా ఫోనులో ఒక గుంపు కట్టుకుని, రోజుకొక ఇంటివాళ్ళు చొప్పున వంతులు వేసుకున్నారట. గురువారానికి మాత్రం ఎవరూ కుదరలేదట. "అమ్మమ్మగారూ, గురువారం మీరు పెడతారా? ఇదొక కొత్త పద్ధతి, భలే పనిచేస్తోంది" అంది. కొత్త పద్ధతట! నాకు నవ్వు ఆగలేదు. పూర్వం బీద విద్యార్థులు రోజుకొక ఇంట్లో భోంచేస్తూ చదువుకునేవాళ్ళు, దాన్ని వారాలు చేసుకోవడం అనేవాళ్ళు. ఆ వారాలను పిల్లులకు పెట్టించిన మా మేనత్త సంగతి ఈ పిల్లకేం తెలుసు? గురువారం నాకే రాసుకోమని చెప్పి పంపాను. ఆమె వెళ్ళాక కాఫీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చుండిపోయాను.

నేను పుట్టింది పెద్దదోర్నాలలో. అప్పుడు మాది మద్రాసు రాజధాని, కర్నూలు జిల్లా, తెల్లదొరల ఏలుబడి. శ్రీశైలానికి ఇప్పటి రోడ్డు లేదు. యాత్రికులు మా ఊరిదాకా బండ్లలో వచ్చి, రాత్రి పడుకుని, తొలికోడి కూయగానే గుంపుగా నల్లమలలోకి నడిచేవాళ్ళు. పడుకోవడానికి దారికి ఆవలి పక్క సత్రం ఉండేది, తినడానికి ఈవల మా పూటకూళ్ళ ఇల్లు. వంట అంతా మా అత్తది, అంటే మా నాయన అక్కది. ఆమె కందిపప్పులో వెల్లుల్లి తాలింపు వేస్తే, ఆ వాసనకు సత్రం అరుగు మీద నిద్రపోతున్నవాళ్ళు కూడా లేచి కూర్చునేవాళ్ళు. నేను చెప్పే ఈ సంగతి జరిగిన ఏడూ, అంతకు ముందేడూ వానలు మొహం చాటేశాయి. నాయన వేసిన కొర్ర చేను గొర్రెల నోటికే సరిపోయింది. మా అందరి నోట్లోకి అన్నం ముద్ద పోయిందంటే అది అత్త గరిటె పుణ్యమే.

అత్తకు పెళ్ళయిన రెండేళ్ళకే మామ పోయాడట. భర్త లేని ఆడది ప్రయాణమయ్యేవాళ్ళకు ఎదురు రాకూడదని ఆ రోజుల్లో గట్టి పట్టింపు. అందుకని యాత్రికులకు సద్ది మూటలు కట్టి మా అమ్మ చేతికిచ్చి, వాళ్ళు బయల్దేరే వేళకు అత్త పెరట్లోకి వెళ్ళి నిలబడేది. రాత్రి కొసరి కొసరి వడ్డించిన మనిషి పొద్దున కంటబడకూడదు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అదే చూస్తున్నాను కాబట్టి, సూర్యుడు తూర్పున పొడిచినంత మామూలు సంగతి అనుకునేదాన్ని.

ఇక పిల్లులు. విస్తరాకులు పారేసే చోటికి ఒకటీ రెండూ వచ్చి, పెళ్ళికి వచ్చిన చుట్టాల్లా తిరిగి వెళ్ళడం మరిచిపోయాయి. అత్త వాటికి పేర్లు పెట్టింది. తెల్లగా, నీలికళ్ళతో, ఎవరినీ లెక్కచేయనిది దొరసాని. అడగకుండా ఇళ్ళల్లో దూరి, జప్తుకు వచ్చిన కోర్టువాడిలా గిన్నెలన్నీ పరికించి చూసే గండుపిల్లి అమీను. ఇవన్నీ రాత్రంతా సత్రం పొయ్యి బూడిదలో వెచ్చగా పడుకుని, మా ఇంట్లో పాలు కాగే వాసన రాగానే దారి దాటి ఇటు వచ్చేవి. ఖర్మ కాలి యాత్రికులు సత్రం గడప దిగేదీ సరిగ్గా ఆ వేళకే. పిల్లి ఎదురైతే ఇంకేముంది, కాళ్ళు కడుక్కుని, మంచినీళ్ళు తాగి కాసేపు కూర్చోవాలి. కూర్చుంటే పొద్దెక్కుతుంది. పొద్దెక్కితే చీకటి పడేలోగా అడవిలో మజిలీ చేరలేరు. ఇక రేపే పోదామని మళ్ళీ మా ఇంట్లోనే రెండు పూటలు తినేవాళ్ళు. వాళ్ళకు దారి చూపించే చెంచు తాత మాత్రం గొడ్డలి భుజాన వేసుకుని, "పిల్లి అడ్డమొస్తే ఏంది సామీ, పెద్దపులి అడ్డం రాకుంటే చాలదా?" అని నవ్వేవాడు. ఆయన మాట ఎవరూ వినేవాళ్ళు కాదు.

ఊళ్ళో గుసగుసలు మొదలయ్యాయి. యాత్రికులను ఆపడానికే అత్త పిల్లులను మేపుతోందని! నాయన "పిల్లి శాపాలకు ఉట్టి తెగుతాదా, ఊరుకోక్కా" అని కొట్టిపారేశాడు కాని, సత్రం చూసుకునే పెదనాయన ఊరుకోలేదు. వరసకే పెదనాయన, పిల్లికి బిచ్చం పెట్టడనే మాట ఆయన్ని చూసే పుట్టిందని మా అమ్మ అనేది. శివరాత్రి ఇంకా నెల ఉందనగా ఖాళీ గోనె సంచులు చంకన పెట్టుకుని మా గుమ్మంలోకి వచ్చాడు.

"ఏందమ్మా ఇది? నీ పిల్లులు ఎదురొచ్చేది, జనం ఎనక్కొచ్చేది, నువ్వు ఇంకో పూట కూడు అమ్ముకునేది! వీటిని సంచుల్లో కట్టించి అడివిలో ఇడిపించు. లేకుంటే నీ ఇంట్లో తినొద్దని వచ్చినోళ్ళకు నేనే చెప్తా."

అడవిలో వదలడమంటే ఏమిటో అందరికీ తెలుసు. విస్తరాకు మెతుకులు తిని పెరిగిన పిల్లులు చిరుతల మధ్య ఒక్క రాత్రి బతకవు. అత్త చేతిలోని గరిటె కింద పెట్టి, "పిల్లుల్ని సంచిలో కడతావు సరే అన్నా, నన్ను యాడ కడతావు? నేనూ ఎదురు రాగూడనిదాన్నే గదా" అంది. ఆమె నవ్వుతూనే అంది. పెదనాయన సంచులు మాత్రం మా అరుగు మీద పెట్టే వెళ్ళాడు. ఆ పూట అత్త అన్నం తినలేదు. పిల్లులను ఉంచుకుంటే మాకు కూడు లేదు, పంపిస్తే ఆమెకు నిద్ర లేదు.

ఉపాయం చెప్పింది పక్కింటి చిన్నమ్మ. జనం బయల్దేరే వేళకే పెరట్లో తిండి పెడితే పిల్లులు దారి మీదికి ఎందుకు పోతాయని ఆమె వాదన. నిజమే కాని రోజూ అన్ని నోళ్ళకు పాలు ఎక్కడివి? "చదువుకునే పిల్లోళ్ళకు వారాలు పెట్టట్లేదా? వీటికీ అట్లే పెడదాం" అంది చిన్నమ్మ. అలా ఆ వీధి ఆడవాళ్ళు తలా ఒక వారం పట్టారు. గొర్రెలు కాసే పెద్దమ్మ పాలు పోస్తానంది. సోమవారం ఒక్కపొద్దు ఉండే ఇంటామె, తాను పస్తున్నా పిల్లికి ఒక్కపొద్దేంది అని ఆ వారమే తీసుకుంది. శుక్రవారం పట్టిన ఇంటివాళ్ళు ఎండుచేపలు తెస్తామనేసరికి మా అమ్మ ముక్కుకు చెంగు అడ్డం పెట్టుకుంది.

మొదటి రోజు సంగతి ఇప్పటికీ తలుచుకుంటే నవ్వు వస్తుంది. ముండ్లమూరు వైపు నుంచి వచ్చిన యాత్రికుల గుంపు గడప దిగింది. అదే క్షణంలో పెరట్లో చిన్నమ్మ తపేలా మీద గరిటెతో టంగుటంగుమని కొట్టింది. పిల్లులన్నీ దారికి అవతల, సత్రం బూడిదలో ఉన్నాయన్న సంగతి ఆ తొందరలో ఒక్కరికీ తట్టలేదు! దొరసాని ముందు, అమీను వెనక, వాటి వెనక పిల్లా పెద్దా అన్నీ తోకలు నిలబెట్టి, యాత్రికుల కాళ్ళ ముందు నుంచి ఊరేగింపుగా దారి దాటాయి. గుంపు గుంపంతా కొయ్యబారిపోయింది. సత్రం అరుగు మీద పెదనాయన లేచి నిలబడ్డాడు. మా అమ్మ చేతిలోని సద్ది మూట జారిపోయింది. అంతా అయిపోయిందనుకున్నాను.

ఒక పిల్లి ఎదురైతే ఏం చేయాలో అందరికీ తెలుసు. మంద ఎదురైతే ఏం చేయాలో ఎవరికీ తెలియదు. చెంచు తాత గొంతు సవరించుకుని, "అవి మీకు ఎదురు రాలేదు సామీ, ఆకలికి పోయినాయి" అన్నాడు. గుంపులో అందరికంటే పెద్దదైన ఒక ముసలావిడ కర్ర ఊనుకుంటూ, అవి ఎక్కడికి పోయాయో చూడాలని నేరుగా మా పెరట్లోకి నడిచింది. నేనూ వెనకే పరిగెత్తాను. అక్కడ వీధి ఆడవాళ్ళంతా చిప్పల్లో పాలు పోస్తున్నారు. ముసలావిడను చూడగానే అత్త గబుక్కున చెంగు తలమీదికి లాక్కుని గోడవైపు తిరిగిపోయింది.

"రాత్రి మాకు అన్నం పెట్టిన తల్లివి నువ్వే గదా? అట్ల తిరుక్కున్నావేంది?" అంది ముసలావిడ. "ఎదురు రాగూడదు పెద్దమ్మా" అని చిన్నమ్మే మెల్లగా చెప్పింది. ముసలావిడ కర్రతో నేల మీద ఒక్క పోటు పొడిచింది. "కడుపు నింపిన మనిషి ఎదురైతే అపశకునమా? మల్లన్న ముందర ఆ మాట నేను చెప్పలేను. రా తల్లీ, ముందర నిలబడు. నిన్ను చూసే పోతాం."

అత్త వచ్చింది. కింద పడిన సద్ది మూట తీసి, దులిపి, దారి మధ్య నిలబడి తన చేత్తోనే ముసలావిడకు ఇచ్చింది. వాళ్ళు వారం తర్వాత క్షేమంగా తిరిగి వచ్చి, మళ్ళీ మా ఇంట్లోనే భోంచేసి, ఆ కథ తమ ఊళ్ళదాకా మోసుకుపోయారు. పట్టింపు ఒక్కరోజులో పోలేదు. ముఖం తిప్పుకునేవాళ్ళు తిప్పుకున్నారు. అయినా ఆ శివరాత్రికి వీధి ఆడవాళ్ళు అత్తను పెరట్లో నిలబడనివ్వలేదు, "పిల్లుల్ని మేం చూసుకుంటాం, నువ్వు ముందరికి పో" అని తరిమేవాళ్ళు. తపేలా ఇంకాస్త ముందుగా, యాత్రికులు పళ్ళు తోముకునే వేళకే మోగేది. పెదనాయన తన సంచులు తీసుకుపోయి చింతపండు నింపుకున్నాడు.

నన్ను గిద్దలూరుకు కాపురానికి పంపేనాడు బండి కట్టాక, అత్త ఎదురొస్తే గాని ఎక్కనని మొండికేశాను. అత్తవారి తరఫు వాళ్ళ ముఖాలు మాడిపోయాయి. మా అమ్మ మాత్రం ఒక్కమాట అనకుండా లోపలికి వెళ్ళి ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆమె చంకలో అమీను మనవడో మునిమనవడో! యాభై ఏళ్ళ పైన కాపురం చేశాను. మా ఆయనతో పోట్లాడని వారం లేదు కాని, ఆ శకునాన్ని తప్పుపట్టాల్సిన రోజు ఒక్కటీ రాలేదు. ఈ జన్మలో నేను తిన్న అన్నానికీ, వెళ్ళిన ప్రయాణాలకూ ఆమెకూ ఆ వీధికీ రుణపడి ఉన్నాను. ఆమె పోయి చాలా కాలమైంది. నాకూ తిరుగుళ్ళు తగ్గాయి, ఇక మిగిలిన ప్రయాణం ఒక్కటే. దానికి కూడా మా అత్తే ఎదురొస్తుందని నా ధైర్యం.