మరియమ్మకు మొక్కిన జుట్టు

మా హైస్కూల్లో సోమవారం అసెంబ్లీ అంటే అందరికీ మెడ వెనక చల్లబడేది. మా హెడ్‌మాస్టర్ ఫాదర్ తెల్లటి అంగీలో వరసల వెనక నుంచి చప్పుడు చేయకుండా నడిచొచ్చి, మెడ మీద రెండు వేళ్ళు పెట్టి చూసేవారు. ఆ వేళ్ళ మధ్య జుట్టు చిక్కిందా, జేబులోంచి కత్తెర బయటికొచ్చేది. ఒకటే వేటు. వెనక అంత పెద్ద గాటు పెట్టుకుని జహీరాబాద్ బజార్లో ఎవడు తిరుగుతాడు? ఆ సాయంత్రమే సెలూన్‌కి పరిగెత్తాల్సిందే. ఆడపిల్లలే లేని బడిలో ఈ సోకులన్నీ ఎవరికోసమని ఆయన అడిగేవారు. ఎవరికోసమో మాకూ తెలియదు గాని, సోకు మాత్రం కావాలి.

ఫాదర్‌ది కేరళ. తెలుగు పుస్తకాలు ముందేసుకుని నేర్చుకున్నారు. మేము "గిట్ల ఎట్ల సార్" అంటుంటే ఆయన "నీవు అసత్యమాడుచున్నావు" అనేవారు. తిట్లు కూడా పద్యం చదివినట్టే ఉండేవి, అందుకే తిట్టించుకోవడం మాకేమంత కష్టమనిపించేది కాదు.

నాకు లెక్కలు రావు. పదో తరగతి మొదటి పరీక్షలోనే ఆ సంగతి బడి మొత్తానికీ తెలిసిపోయింది. మాది న్యాల్‌కల్ దాటాక ఒక పల్లె. అల్లం వేస్తాం. పదోది తప్పితే చదువు చాలించి చేనుకు రమ్మని నాయిన ముందే చెప్పేశాడు. నాకంటే ఎక్కువ భయపడింది అమ్మ. ఆమె చదువు ఐదో తరగతిలోనే ఆగిపోయింది, నాదీ అట్లా ఆగిపోతుందేమోనని ఆమెకు నిద్ర పట్టేది కాదు.

ఆ మార్కులు చూపించడానికే ఫాదర్ అమ్మను పిలిపించారు. వచ్చిన మనిషి గేటు పక్కన బండరాళ్ళతో కట్టిన చిన్న గుహలో నీలం శాలువా కప్పుకున్న మేరీమాతను చూసింది. చెప్పులు విడిచింది. మా ఊరి పోచమ్మకు దండం పెట్టినట్టే పెట్టింది. నా మార్కుల గురించి ఫాదర్ చెప్పినవన్నీ విని, తల ఊపి వెళ్ళిపోయింది. ఆమె అంత నిమ్మళంగా ఎందుకుందో ఇంటికి పోయాక తెలిసింది. నేను లెక్కల్లో పాసైతే తల వెంట్రుకలు ఇస్తానని మరియమ్మకు మొక్కేసిందట. ఇచ్చేది నా తల. అప్పటిదాకా కత్తెర తాకకూడదు.

నాకు లోపల పండగే. కొన్ని సోమవారాలు తలకు నూనె రాసి, మెడ ముందుకు వంచి తప్పించుకున్నాను. చివరికి ఆ రెండు వేళ్ళకూ చిక్కాను. కత్తెర బయటికి రాగానే రెండు చేతులతో తల పట్టుకుని, మొక్కు ఉందని చెప్పాను. ఆయన నమ్మలేదు. జుట్టు తీయించుకుంటేనే బడికి రమ్మని ఇంటికి పంపేశారు.

మర్నాడు అమ్మే బస్సెక్కి నాతో వచ్చింది.

"సారూ, పోరడు లెక్కల్ల పాసైతే ఎంటికలు ఇస్తనని మొక్కిన. గేటు కాడున్న తల్లికే మొక్కిన."

"అమ్మా, ఇది పాఠశాల. ఇచ్చట నియమములుండును."

"నియమం మీది సారూ, మొక్కు ఆమెది. రేపు ఆమెకు కోపమొస్తే మీరు చెప్పుకుంటరా?"

ఫాదర్ కిటికీలోంచి గుహ వైపు చూశారు. వేరే ఏ దేవత పేరు చెప్పినా ఆయన దగ్గర జవాబుండేది. ఈ దేవత ఆయనదే అయిపోయింది. కత్తెర జోలికి పోకుండా నా వైపు తిరిగి, "ప్రతి దినము ఉదయమున నా వద్దకు లెక్కలకు రావలెను" అన్నారు. మొక్కు అమ్మది, చావు నాది.

అప్పట్నుంచి మొదటి బస్సు. నేను లెక్క తప్పు చేసినప్పుడల్లా ఆయన నా తల వైపు చూసి, "కేశములు పెరుగుచున్నవి, మార్కులు పెరుగుట లేదు" అని నిట్టూర్చేవారు. చలికాలం పోయేసరికి జుట్టు భుజాల మీద పడుతోంది. ఒక పొద్దున కిటికీ పక్కన కునుకు తీస్తుంటే కండక్టర్ వెనక నుంచి వచ్చి, "ఆధార్ కార్డు తియ్యమ్మా, జీరో టికెట్ కొడత" అన్నాడు. ఆడవాళ్ళకు ఊరికే ఇచ్చే టికెట్ అది. నేను తిరిగాను. అప్పుడప్పుడే వస్తున్న నా మీసం చూసి బస్సంతా నవ్వింది. ఆ రోజు నుంచి క్లాసులో నేను అక్కనైపోయాను. ఇక సోకూ లేదు ఏమీ లేదు, ఈ జుట్టు ఊడిపోతే చాలనుకుని లెక్కలు చేశాను.

పాసయ్యాను. ఎన్ని మార్కులని మాత్రం అడగకండి. నాయిన ఫోన్లో రిజల్ట్ మళ్ళీ మళ్ళీ చూసుకుని, "సరే, కాలేజీకి పో" అన్నాడు. అమ్మ కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

మరుసటి రోజు కొబ్బరికాయతో, సెలూన్ ఆయనతో గుహ ముందుకు వచ్చాం. సెలవులు కాబట్టి బడి ఖాళీగా ఉంది. ఫాదర్ మాత్రం వచ్చారు. మా దిక్కు పుట్టు వెంట్రుకలు తీసేటప్పుడు ముందు కత్తెర మేనమామ పెడతాడు. నాకు మేనమామ లేడు. అమ్మ కత్తెర తీసి ఫాదర్ చేతికిచ్చింది.

"నాకు తోడబుట్టినోళ్ళు లేరు సారూ. ముందు కత్తెర మీరే పెట్టున్రి."

ఇన్నేళ్ళుగా ఎన్నో తలల మీద ఆడిన చెయ్యి అది. నా మెడ మీద రెండు వేళ్ళు ఆనాయి, అక్కడే ఆగిపోయాయి. ఎంతసేపటికీ కత్తెర పడకపోయేసరికి తలెత్తి చూశాను. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏమైంది సారూ?" అంది అమ్మ.

"నేను బాలుడనై ఉన్నప్పుడు గొప్ప జ్వరము వచ్చినది. బ్రతికినచో ఇచ్చివేయుదునని మా అమ్మ కూడ ఈ తల్లికే మ్రొక్కినది."

"ఎంటికలా?"

"కాదమ్మా. నన్నే."

ఆయన తన తెల్లటి అంగీని తాకి చూపించారు. అమ్మ ఆ అంగీ వైపు, ఆయన మొహం వైపు చూసింది.

"మీ అమ్మకు ఇంకెవరున్నరు?"

"ఎవ్వరును లేరు. నేనొక్కడనే."

అమ్మ దగ్గరికి జరిగి, ఆయన చేతిని పట్టుకుని నా జుట్టు మీద పెట్టింది. అంతదాకా సారూ అని పిలిచిన మనిషి, "అన్నా, జర మెల్లగ పెట్టు. నీ మేనల్లుడు భయపడుతుండు" అంది.

ఫాదర్ కత్తెర పెట్టారు.