మూడో తరగతి తలుపు గడియ

పోయిన వారం మనవరాలిని బళ్ళో చేర్పించే పని మీద మా అమ్మాయితో కలిసి మా ఊళ్ళోనే ఉన్న బిష్టుపూర్ పేటకి వెళ్ళాను. ప్రిన్సిపాల్ గారు కంప్యూటర్ల గది, డ్యాన్సు గది, గోడల మీద బొమ్మలు అన్నీ ఓపిగ్గా చూపించారు. మా అమ్మాయి అన్నిటికీ తలూపి, చివర్లో పిల్లల బాత్రూమ్ చూడాలంది. చూపించారు. మా అమ్మాయి చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని, ఆ తలుపు ముందు గొంతుక్కూర్చుని, గడియ వైపు చెయ్యి చాచింది. ప్రిన్సిపాల్ గారు తెల్లబోయారు. నాకు నవ్వొచ్చింది, వెనకాలే కళ్ళనీళ్ళూ వచ్చాయి. ఆ కూర్చోవడం అచ్చం మా వదినదే.

వదినంటే మా అన్నయ్య భార్య. సీతారాండేరా పేటలో, ఉక్కు ప్లాంటు పనికి వలసొచ్చిన మన తెలుగువాళ్ళ పిల్లలు చదివే చిన్న బడిలో మూడో తరగతి టీచరు. మనిషి పిడికెడు, గొంతు ప్లాంటు సైరనుకి పోటీ. అన్నయ్య ప్లాంటులో ఫిట్టరు. అక్కడ షిఫ్టు మొదలయ్యే ముందు అందరూ నిలబడి, నిన్న జరగబోయి తప్పిపోయిన ప్రమాదాలు చెప్పుకుంటారు. నియర్ మిస్ అంటారు దాన్ని. చెప్పినవాణ్ణి ఎవరూ తిట్టకూడదని నియమం. అన్నయ్య భోజనాల దగ్గర ఇదంతా ఏకరువు పెడుతుంటే మేం ఆవులించేవాళ్ళం. వదిన మాత్రం దాన్ని పట్టుకెళ్ళి తన తరగతిలో పెట్టేసింది.

రోజూ ప్రార్థన అవగానే, "నిన్న ఎవలికి ఏటవబోయి తప్పిపోయిందో సెప్పండి. నానేటీ అనను" అనేది. ఇంకేముంది, పిల్లలు పోటీలు పడ్డారు. ఒకడు సుబర్ణరేఖ ఏట్లో కొట్టుకుపోబోయానన్నాడు. వాడు ఏటి గట్టు కూడా ఎక్కలేదని వాళ్ళమ్మ తర్వాత చెప్పింది. వదిన అబద్ధాన్నీ నిజాన్నీ ఒకే మొహంతో వినేది. ఆ కోతల మధ్యనే బెంచీకి లేచిన మేకు, కుళాయి దగ్గర పట్టిన నాచు, గేటు దగ్గర కరిచే కుక్క బయటపడేవి. సాయంత్రానికల్లా దేనికో ఒకదానికి మందు పడేది.

మా అమ్మాయి వదిన తరగతిలో ఉన్న ఏడాది, వేసవిలో దానికి మాటిమాటికీ జ్వరం, పొత్తికడుపులో నొప్పి. వేడి చేసిందని ధనియాల కషాయం, సబ్జా గింజల నీళ్ళు, మా అమ్మ నేర్పిన వైద్యమంతా చేశాను. పిల్ల నా దగ్గర నోరు విప్పలేదు. ఒకరోజు తరగతిలో మాత్రం లేచి, "గిర్తే గిర్తే బచ్ గయీ" అందట, పడబోయి తప్పించుకున్నానని హిందీలో. ప్రార్థనలో కళ్ళు తిరిగి పడబోయిందట. ఎందుకని వదిన అడిగితే, నీళ్ళు తాగలేదంది.

"ఏటి, నీళ్ళెందుకు తాగనేదు?"

తాగితే బాత్రూమ్‌కి వెళ్ళాలి, తలుపుకి గడియ ఊడిపోయింది, ఎవరైనా తోసుకొచ్చేస్తారని భయం అంది. అది విని మిగతా ఆడపిల్లలూ ఒక్కొక్కరే చేతులెత్తారట. అందరిదీ అదే కథ.

మధ్యాహ్నానికి వదిన పిల్లని వెంటబెట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. "ఇది వేడి కాదమ్మా. సెప్పులేసుకో, డాక్టరు దగ్గిరికెల్దాం" అంది. ఇన్ఫెక్షన్ అనీ, ఇంకా ఆలస్యం చేస్తే కిడ్నీలకి పాకేదనీ డాక్టరు చెప్పాడు. మందులతో పిల్ల కోలుకుంది. ఆ రోజు వదిన రాకపోతే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోలేను.

గడియ వేసేదాకా ప్రతి ఇంటర్వెల్‌లోనూ వదినే ఆ తలుపు దగ్గర కాపలా నిలబడింది. ఆదివారం అన్నయ్య సరంజామా తెచ్చి, ఏనుగు తోసినా ఊడని స్టీలు గడియ బిగించి, గర్వంగా పక్కకి తప్పుకున్నాడు. జ్వరం తగ్గిన మా అమ్మాయి స్క్రూలు అందిస్తూ పక్కనే ఉంది. వదిన తలుపు ముందు గొంతుక్కూర్చుని చెయ్యి పైకి చాచింది. గడియ అందలేదు.

"ఏటండీ, ఇది మీ ప్లాంటోలకా, మా పిల్లలకా?"

అన్నయ్య అంతా విప్పి కిందికి దింపాడు. మర్నాటినుంచి బెల్లు కొట్టినప్పుడల్లా అందరూ నీళ్ళు తాగాల్సిందే. ముందు గ్లాసు వదినదే.

వదిన ఇప్పుడు అగ్రికో పేటలో ఉంటోంది. మోకాళ్ళు పట్టేసి కుర్చీలోంచి లేవడమే కష్టం. బిష్టుపూర్ నుంచి తిన్నగా అక్కడికే వెళ్ళి సంగతంతా చెప్పాను. నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు.

"అందిందా మరి, గడియ?"

"లేదు వదినా. సోమవారానికల్లా దింపిస్తామన్నారు."

"అయితే మంగళారం ఎల్లి మళ్లీ సూడమను" అంది మోకాళ్ళు రాసుకుంటూ.

కాలం వదిన మోకాళ్ళని తీసేసుకుంది, నిజమే. కానీ అప్పటికే ఆ కూర్చోవడం మా అమ్మాయికి వచ్చేసింది.